మన పేరు నిలిచే పట్టిక



హోసూరు ప్రాంతపు తెలుగువారిలో గోవిందు అన్న పేరు కొత్త కాదు. దాన్ని తమిళ లిపిలో రాస్తే మొదటి అక్షరాన్ని 'క' అనీ చదవవచ్చు, 'గ' అనీ చదవవచ్చు. ఆ లిపిలో రెండింటికీ ఒకే అక్షరం. ఊళ్లో అందరికీ ఆయన గోవిందే. ఆయన్ని ఎరగని గుమాస్తా చేతిలో కోవిందు అయిపోవచ్చు. మీరు బళ్లారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, రేషను కార్డులో ఒక రకంగా, పొలం పట్టాలో మరొక రకంగా పడిన పేరు ఒక్కటైనా మీ ఎరుకలో ఉండే ఉంటుంది.

ఇప్పుడు మన పేర్లు కాగితం మీదకంటే కంప్యూటర్లలో ఎక్కువగా ఉంటున్నాయి. అక్కడ తెలుగు అక్షరం నిలుస్తుందా, చెరిగిపోతుందా? ఆ సంగతి ఎక్కడ తేలుతుందో తెలియాలంటే డేటాబేస్ కథ కొంత తెలుసుకోవాలి. ఈనాటి ప్రసంగంలో దాన్ని ముచ్చటించుకుందాం.

పాతకాలపు కరణంగారి దఫ్తరం గుర్తు చేసుకోండి. కన్నడ సీమలో శానుభోగులనేవారు. ఏ లెక్క ఏ పుస్తకంలో ఉందో ఆయనకే తెలుసు. ఆయన లేకపోతే పుస్తకాలున్నా లేనట్టే. 1960లలో కంప్యూటర్ల స్థితీ ఇంచుమించు అదే. చంద్రయాత్రకు కావలసిన విడిభాగాల జాబితా కోసం రూపుదిద్దుకున్న ఐ.ఎం.ఎస్. అనే ఏర్పాటులో సమాచారం చెట్టు కొమ్మల్లా ఉండేది. ఒక వివరం కావాలంటే ఏ కొమ్మ పట్టుకుని ఎక్కాలో ముందే తెలిసి ఉండాలి.

ఈ పద్ధతి మార్చినవాడు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి వైమానిక దళంలో పనిచేసి, తర్వాత అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో చేరినవాడు. 1970 జూన్‌లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారాన్నంతా అడ్డవరసలూ నిలువు వరసలూ ఉన్న మామూలు పట్టికలుగా పెట్టండి, ఒక పట్టికను మరొకదానితో ఉమ్మడి విలువ ద్వారా కలపండి అన్నది అందులోని సారాంశం. రైతుల పట్టిక ఒకటి, పొలాల పట్టిక ఒకటి; రెండింటిలోనూ ఖాతా నంబరు ఉంటే చాలు, ఎవరి పొలం ఏదో తేలుతుంది. మనం ఏం కావాలో అడుగుతాం. ఎలా వెతకాలన్నది యంత్రం చూసుకుంటుంది. ఇదే రిలేషనల్ డేటాబేస్. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆయన 2003లో కన్నుమూశాడు.

ఆయన ఆలోచనను పట్టుకుని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ 1970లలో ఇంగ్రెస్ నిర్మించారు. 1986లో స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టాడు. 1996 నుంచి అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో అందరికీ ఉచితంగా అందుతోంది.

ఉచిత డేటాబేస్‌కు ఉచితమైన ఇల్లు కూడా కావాలి గదా! ఆ ఇల్లే లైనక్స్. 1991లో ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని తయారుచేశాడు. ఆయన మాతృభాష ఫిన్నిష్ కాదు, స్వీడిష్. ఆ దేశంలో స్వీడిష్ మాట్లాడేవారు నూటికి ఐదారుగురే. అంటే మనలాగే పరభాషా రాష్ట్రంలో ఇల్లు కట్టుకున్నవారి బిడ్డ అనుకోండి. అయినా ఆయన మొదటి లైనక్స్ ఫిన్నిష్ కీబోర్డుకే సరిపోయింది. కారణం వేరే ఏమీ లేదు. ఆయన బల్ల మీద ఉన్నది అదే.

1995లో మరొక ఉచిత డేటాబేస్, మైఎస్‌క్యూఎల్, స్వీడన్ సంస్థ నుంచి వెలువడింది. దాని నిర్మాతల్లో ఒకడైన మైకేల్ విడేనియస్ తన కూతురు 'మై' పేరు దానికి పెట్టాడు. అందులో ఎవరూ ఏమీ మార్చకపోతే పశ్చిమ ఐరోపా అక్షరాలు, వాటికి స్వీడిష్ అకారాది క్రమం ఉండేవి. అటువంటి పట్టికలో తెలుగు పేరు వేస్తే చాలాసార్లు అక్షరానికొక ప్రశ్నార్థకం మిగిలేది. అలా మారిన పేరును ఆ పట్టిక నుంచి తిరిగి రాబట్టే దారి లేదు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌తో ఆ అలవాటు మారింది. పాత వెర్షన్లతో పెట్టిన పట్టికలు మాత్రం వాటంతట అవి మారవు.

మన లిపికి చోటు లేక ఇలా జరిగిందా? కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. దాన్ని యంత్రంలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, కంచం కింద వేసే కాగితం మీద రాబ్ పైక్ ఎదుట గీశాడు. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. 'రామ' అన్న పేరులో ర, దీర్ఘం, మ – మూడు గుర్తులు, 9 బైట్లు. చోటు ఉంది. ఆ చోటు తెరవమని చెప్పేవారు కావాలి.

చెప్పవలసిన సమయం డేటాబేస్‌ను సర్వర్‌లో నెలకొల్పే రోజు. ఆ పని చేసేవారు మీ ఇంట్లో, మీ సహకార సంఘంలో, మీ తెలుగు సంఘంలో ఉంటే ఈ మాటలు వారికి చెప్పండి. డెబియన్, ఉబుంటు వంటి లైనక్స్‌లలో ఒక్క ఆజ్ఞతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దిగుతుంది. దానికి విడిగా ఒక ఖాతా, విడిగా ఒక నిల్వ స్థలం ఏర్పడతాయి. బయటి యంత్రాలకు తలుపు తియ్యమని మీరు చెప్పేదాకా తియ్యదు. ఇంతవరకు క్షేమమే. అక్షరాల సంగతి మాత్రం అది సర్వర్ భాషా అమరికను చూసి నిర్ణయించుకుంటుంది. సర్వర్‌లో ఏ భాషా అమర్చకపోతే అది అక్షరాలను గుర్తించదు, బైట్లనే లెక్కపెడుతుంది. 'రామ' పొడవు ఎంత అంటే 3 అనదు, 9 అంటుంది. అందుచేత ముందు సర్వర్‌ను యూటీఎఫ్-8కు అమర్చి, తర్వాతే డేటాబేస్‌ను దించాలి. ఒకసారి డేటాబేస్ ఏర్పడ్డాక దాని అక్షర పద్ధతి మారదు. మార్చాలంటే సమాచారమంతా బయటికి తీసి, కొత్త డేటాబేస్ కట్టి, మళ్లీ నింపుకోవాలి. ఇంటి గోడలు లేచాక పునాది మార్చినట్టు.

అసలు పేర్లు ఎక్కించకముందే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. 'కృష్ణవేణి', 'గోవిందు' అని రెండు పేర్లు తెలుగులో వేసి, తిరిగి తీసి చూడండి. పక్కన అవే పేర్లు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వెయ్యండి. వేసినవి వేసినట్టే వస్తే పునాది బాగుంది.

శ్రోతలారా! ఫిన్లండ్ విద్యార్థి తన కీబోర్డు పెట్టుకున్నాడు. స్వీడన్‌వారు తమ అకారాది పెట్టుకున్నారు. అది మనమీద పగ కాదు. ఎవరి బల్ల మీద ఉన్నది వారు పెట్టుకున్నారు. అయితే మన బల్ల మీద ఉన్నది మనమే పెట్టుకోవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష – రెండూ తెలిసిన మనకంటే ఆ పరీక్ష బాగా చెయ్యగలవారు ఎవరు?