పత్రాలు లేని విద్యార్థులకు స్థానిక ఫీజు: అమెరికాలో నిబంధనలు, వివాదాలు

అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర నివాసుల నుంచి తక్కువ ఫీజు, ఇతరుల నుంచి ఎక్కువ ఫీజు వసూలు చేస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఈ వ్యత్యాసం ఏటా 30 వేల డాలర్లకు పైమాటే. బాల్యంలో తల్లిదండ్రుల వెంట వచ్చి, వలస పత్రాలు లేకుండానే పెరిగిన విద్యార్థులకు ఏ ఫీజు వర్తించాలన్నది దీర్ఘకాలిక వివాదం.

పాఠశాల స్థాయిలో ఈ సమస్య లేదు. పత్రాలు లేని బాలలకూ ఉచిత ప్రభుత్వ విద్య నిరాకరించరాదని ప్లైలర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు కళాశాల విద్యకు విస్తరించలేదు. ఫెడరల్ విద్యా సహాయానికీ ఈ విద్యార్థులు అనర్హులు. కనుక స్థానిక ఫీజు దక్కకపోతే అనేకమందికి చదువు పాఠశాలతోనే ఆగిపోతుంది.

వివాదానికి మూలం 1996 నాటి వలస చట్టంలోని 505వ సెక్షన్. రాష్ట్రంలో నివాసం ప్రాతిపదికగా వీరికి ఉన్నత విద్యా ప్రయోజనం కల్పిస్తే, ఏ రాష్ట్రానికి చెందిన అమెరికా పౌరులకైనా అదే ప్రయోజనం కల్పించాలని ఆ సెక్షన్ నిర్దేశిస్తోంది.

స్థానిక ఫీజు చట్టాన్ని 2001లో తొలుత టెక్సాస్, అదే ఏడాది కాలిఫోర్నియా తీసుకువచ్చాయి. కాలిఫోర్నియా నివాసాన్ని కాక, రాష్ట్రంలోని హైస్కూలులో మూడేళ్ల చదువును, అక్కడే ఉత్తీర్ణతను అర్హతగా నిర్ణయించింది. వేరే రాష్ట్రానికి తరలిపోయిన పౌరులకూ ఈ అర్హత ఉంటే అదే ఫీజు వర్తిస్తుంది. అందువల్ల ఈ చట్టం 505వ సెక్షన్‌కు విరుద్ధం కాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. చదివిన సంవత్సరాలను బట్టి స్థానికతను నిర్ణయించే పద్ధతి తెలుగు రాష్ట్రాల వారికి పరిచితమే.

టెక్సాస్ చట్టంలో మాత్రం రాష్ట్రంలో నివాసం కూడా ఒక షరతు. దీనిపై ఫెడరల్ ప్రభుత్వం 2025 జూన్ 4న దావా వేయగా, రాష్ట్ర ప్రభుత్వం ఎదురు వాదించలేదు. అదే రోజున న్యాయస్థానం చట్టం అమలును శాశ్వతంగా నిలిపివేసింది. ఫ్లోరిడా తన 2014 నాటి చట్టాన్ని 2025లో తానే రద్దు చేసుకుంది. కెంటకీ, మిన్నెసోటా, ఇల్లినాయిస్ రాష్ట్రాలపైనా ఫెడరల్ ప్రభుత్వం అదే ఏడాది దావాలు వేసింది.

హెచ్‌-1బి వీసాదారుల పిల్లల స్థితి వేరు. వారికి పత్రాలు ఉంటాయి. కానీ 21 ఏళ్లు నిండితే ఆశ్రిత హోదా ముగుస్తుంది. విద్యార్థి వీసాకు మారినవారు పలు రాష్ట్రాల్లో స్థానికేతర ఫీజు చెల్లించవలసి వస్తుంది. అమెరికాలోని అనేక తెలుగు కుటుంబాలకు ఇది ప్రత్యక్ష సమస్య.