భాగవంతి కన్నీరు

టెలివిజన్ నాటకములలోని స్త్రీపాత్రలు ఏడ్చుటకే పుట్టినవను ఫిర్యాదు నేడు ప్రతి యింటను వినవచ్చుచున్నది. మే మీ ఫిర్యాదు మూలమును వెదకగా అది 'హమ్ లోగ్' వరకును పోయినది.

1984 జులై 7వ తేదీన దూరదర్శన్ ప్రారంభించిన ఈ హిందీ ధారావాహిక, మన దేశమున టెలివిజనుపై దీర్ఘకాలము సాగిన తొలి కుటుంబ గాథ. రచయిత మనోహర్ శ్యామ్ జోషి. దీని పద్ధతి మెక్సికో నుండి వచ్చినది. అచట మిగ్వేల్ సాబిడో అను నిర్మాత 1970వ దశకమున కథల మూలమున జనులకు హితము బోధించు మార్గము నొకదానిని రూపొందించెను. అనుసరింపదగిన పాత్ర యొకటి, విసర్జింపదగిన పాత్ర యొకటి, రెంటి నడుమ ఊగిసలాడి తుదకు మారు పాత్ర మరియొకటి, ఇవియే దానికి మూలస్తంభములు.

ఈ లెక్క ప్రకారము తల్లి భాగవంతి విసర్జింపదగిన పాత్ర. త్రాగుబోతు భర్త బసేసర్ రామ్‌ను, అత్తగారి సాధింపులను నోరు మెదపక భరించు ఇల్లాలు. ప్రేక్షకులు ఆమెను చూచి, ఇట్లు బ్రతుకరాదని తలచవలెను. ప్రతి భాగము చివర నటుడు అశోక్ కుమార్ కనుపించి కథలోని మంచిచెడ్డలను విడమరచి చెప్పెడివాడు. అయినను జరిగినది వేరు. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అను పరిశోధకులు విచారింపగా, పలువురు ప్రేక్షకులు భాగవంతినే ఆదర్శముగ గ్రహించినట్లు తేలినది!

దీనిని ప్రేక్షకుల అజ్ఞానమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. భూదేవియంత ఓర్పు అను మాట మనకు మెచ్చుకోలే గాని నిందకాదు. ఆ ఓర్పునకు రచయిత గౌరవము కల్పించెను గాని, ఆమె యేమి కోరుచున్నదో చెప్పలేదు. మరి గడప దాటిన కుమార్తె సంగతి? సినిమాపై మోజుతో బొంబాయి చేరిన మఝ్‌లీ మోసపోయినది. ఇంటనున్నదానికి జాలియు, వెడలినదానికి శిక్షయు లభించిన కథలో చూచువా రెవరి పక్షము వహింతురు? డాక్టరు కాగోరిన కడగొట్టు కుమార్తె ఛుట్కీ యున్న మాట నిజమే, కాని కథకు గుండెకాయ తల్లియే.

స్త్రీని అణకువకు, లోబడి యుండుటకు ప్రతిరూపముగ చూపరాదని 1985లో వెలువడిన పి.సి. జోషి సంఘపు నివేదిక హెచ్చరించినది. ఆ యేడే బాసు ఛటర్జీ 'రజని' వచ్చినది. ప్రియా తెందూల్కర్ ధరించిన ఆ గృహిణి అన్యాయము కనిన చోటెల్ల నిలదీసినది. అయితే ఆమె పోరు దాదాపు తన గడపకు వెలుపలనే!

1989లో కవితా చౌధరి తానే రచించి, దర్శకత్వము వహించి, నటించిన 'ఉడాన్' వేరు. అందలి కల్యాణికి కోరిక యున్నది, ఆ కోరికకు తగిన శ్రమయు నున్నది. పోలీసు అధికారిణి యగుటయే ఆమె పట్టుదల. ఈ పాత్రకు ఆధారము కవిత సోదరి కాంచన్ చౌధరి భట్టాచార్య. ఆమె 2004లో నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రమునకు పోలీసు డైరెక్టర్ జనరల్ అయినది. ఒక రాష్ట్రమున ఆ పదవి నధిష్ఠించిన తొలి మహిళ ఆమెయే.