గిట్ట తెలిసినవాడు

కృష్ణా డెల్టాలో వరి పండుతుంది, చెరకు పండుతుంది, గేదె నిండుగా పాలిస్తుంది. గుర్రం మాత్రం ఈ బురదలో బాగుపడదు. ఏ కాలంలో చూసినా మనవాళ్ళు దాన్ని బయటినుంచి కొని తెచ్చుకున్నవాళ్ళే. లాడాలు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, చరిత్ర చదివేటప్పుడు నా కళ్ళు రాజు మీద కంటే ముందు గుర్రం కాళ్ళ మీద పడతాయి.

బయటి సరుకు దిగేది రేవుల్లోనే. గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. పగిలిన ఓడల సరుకు పాత రాజులు లాక్కునేవారు, తాను న్యాయమైన సుంకం తప్ప మరేదీ పుచ్చుకోనని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో ఈ దేశాల గురించి రాసిన మార్కో పోలో, పాండ్యుల నేల మీద గుర్రాల గతి చెప్పాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోతాయట. లాడం కొట్టేవాడు అక్కడ లేడు. ఉన్నచోటునుంచి రాబోతే గుర్రాలమ్మే వర్తకులే అడ్డుపడేవారట. గుర్రం బతికితే రెండో గుర్రం ఎవడు కొంటాడు? పోలో మాటల్ని ఎంత తగ్గించుకున్నా ఈ వ్యాపారసూత్రం నాకు నమ్మబుద్ధేస్తుంది.

కొండవీటి రోజుల్లో అవచి తిప్పయశెట్టి హురుమంజి (హోర్ముజ్) రేవునుంచి గుర్రాలు తెప్పించేవాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. కృష్ణా జిల్లాలోని శ్రీకాకుళంలో కలగన్న కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి దగ్గర ఉంచుకోవాలనీ, అవి శత్రువుకి చేరనివ్వకూడదనీ చెప్పాడు. అమ్మేవాణ్ణి గౌరవించమన్నాడు సరే, గిట్ట చూసేవాడి సంగతో?

అది మావాళ్ళ పని. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక బెజవాడ జంక్షనైంది. రైలు దిగినవాళ్ళకీ, కాలవ పడవలు దిగినవాళ్ళకీ జట్కాయే దిక్కు. వెనకాల బరువెక్కితే నొగలు పైకి లేచేవి. "అమ్మా, కాస్త ముందుకు జరగండి," అనేవాడు జట్కా సాయిబు. బండి కింద పచ్చగడ్డి మోపు, గుర్రం ముట్టెకు ఉలవల సంచి.

"సాయిబుగారూ, కాలు ఈడుస్తోంది, ఓసారి చూడండి," అంటూ వచ్చేవారు మా తాత దగ్గరికి. ఆయన గుర్రానికి వీపు తిప్పి నిలబడి, దాని కాలెత్తి తన మోకాళ్ళ మధ్య బిగించేవాడు. సుత్తితో గిట్టను మెల్లగా తట్టి చప్పుడు వినేవాడు. పాత లాడం పీకి, గిట్ట చెక్కి, ఆకురాయితో చదును చేసి మేకు దింపేవాడు. మేకు మొన గిట్ట పక్కనుంచి బయటికి రావాలి. కాస్త లోపలికి తిరిగిందా, కండకు తగిలి గుర్రం కుంటుతుంది, జట్కావాడి ఇంట్లో పొయ్యి వెలగదు. వచ్చిన మొనను తుంచి, మడిచి, సుత్తితో అణచేవాడు.

రిక్షాలొచ్చాయి, తరవాత ఆటోలు. తాత పెట్టె సర్దుకుని బందరు కాలవ వెంట ఊళ్ళు పట్టాడు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ఎడ్లకు రోడ్డు మీద గిట్టలు అరిగేవి. గుర్రం నిలబడి లాడం కొట్టించుకుంటుంది. ఎద్దును తాడేసి పడగొట్టాలి. గిట్ట చీలి ఉంటుంది గనక కాలికి రెండు చొప్పున ఎనిమిది బిళ్ళలు. తిండి రైతింట్లో, పడక వాళ్ళ పశువుల పాకలో. పామర్రులో ఎవరి ఎద్దు పొగరుదో, కంకిపాడులో ఎవరు డబ్బు ఎగ్గొడతారో ఆయనకు కంఠతా వచ్చు.

ట్రాక్టర్లతో అదీ పోయింది. ఇప్పుడు బెజవాడలో గుర్రమంటే పెళ్ళి ఊరేగింపుదే. లాడం ఊడితే ఎక్కడో ఉన్న మనిషికి ఫోన్ చేసి బతిమాలి రప్పించుకోవాలి. రానూ పోనూ ఛార్జీలు ముందే పంపమంటాడు. పంపుతున్నారు.