పక్షవాతము: నాటి భావన, నేటి చికిత్స

ఒకప్పుడు తెలుగునాట ఎందరో మార్కాపురపు పలకలపై అక్షరములు దిద్దిరి. అట్లు దిద్దిన చేయి ఉన్నట్టుండి పడిపోయినచో, మన పెద్దలు పక్షవాతమనిరి. వాతము ప్రకోపించి దేహమున ఒక పక్షమును పట్టుటయే ఆ వ్యాధి యని ఆయుర్వేదము చెప్పినది.

1658లో స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్, మృతదేహములను పరీక్షించి, మెదడులో నెత్తురు చిమ్ముట దీనికి కారణమని చూపెను. రక్తనాళము పూడుకొనుటయు మరియొక కారణమే. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచీ రక్తపోటును కొలుచు పట్టీని రూపొందించుటతో, ముప్పును ముందే కనుగొను వీలు కలిగెను. 1995లో, నెత్తుటిగడ్డను కరిగించు మందు ఫలించునని అమెరికాలో తేలినది. స్కానులో రక్తస్రావము లేదని నిశ్చయించుకొని, సాధారణముగా నాలుగున్నర గంటలలోపల దానిని ఈయవలెను.

గిద్దలూరు నుండి నంద్యాలకు పోవలెనన్న నల్లమల కనుమ దాటవలెను. పసరులతో, మర్దనలతో పూట గడిపినచో ఆ గడువు దాటిపోవును. మూతి వంకరపోవుట, చేయి వాలుట, మాట తడబడుట: వీనిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినను 108కి ఫోను చేయుడు. లక్షణము మొదలైన వేళను వైద్యునకు చెప్పుడు. కొంతసేపటికి తగ్గినను ఆసుపత్రికి పోవుట మానరాదు.

రాకుండ చూచుకొనుట ఇంటనే మొదలగును. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయలోని ఉప్పును ఇందులోనే చేర్చి లెక్కింపవలెను. చుట్ట, బీడీ, మద్యము విడువవలెను, నిత్యము నడువవలెను. రక్తపోటు, చక్కెర పరీక్షింపించుకొని, ఒంట్లో బాగున్నదని మందు మానకుండవలెను.