కింగుకోఠీ ద్వారాక్షరములు

శాసనములు శిలాఫలకములందే గాక సౌధములందును గలవు. ఇంగ్లండున ట్యూడరు రాజుల కాలమున (1485-1603) వెలసిన హార్డ్‌విక్ హాలను గ్రామసౌధము 1590-97 నడుమ నిర్మితము. విశాలగవాక్షములు దానికి బ్రసిద్ధి. దాని యాఱు బురుజుల శిరస్సులపై యజమానురాలగు ఎలిజబెత్ ష్రూస్‌బరీ నామాద్యక్షరములు 'ఇ. ఎస్.' ఱాతిలో నేటికిని నిలిచి యున్నవి. 1959 నుండి నేషనల్ ట్రస్టు దానిని సంరక్షించుచున్నది.

హైదరాబాదున నారాయణగూడ చెంతనున్న కింగుకోఠీయు నిట్టిదే. ఐరోపారీతి నీ సౌధమును గట్టించిన కమాల్‌ఖాను ద్వారములందు దన నామాద్యక్షరములు 'కె. కె.' చెక్కించెను. పిదప నది మీర్ ఉస్మాన్ అలీఖాను వశమయ్యెను. అక్షరములను జెఱుపక, వానికి 'కింగ్ కోఠీ' యని క్రొత్త యర్థము గల్పించిరని ప్రతీతి. అనగా లిపి మాఱలేదు, అర్థమే మాఱినది.

1911లో సింహాసనమెక్కిన యా యేడవ నిజాము 1967 ఫిబ్రవరి 24న నిచటనే మరణించెను. 1980 దశకపు దొలినాళ్ల నిందలి ఉస్మాన్ మాన్షను గూల్పబడి, యా తావున బ్రభుత్వ వైద్యశాల వెలసెను.

హార్డ్‌విక్కున గోడయు బేరును గలిసి నిలిచినవి. ఇచట బేరు నిలిచినది గాని గోడలు గొన్ని నశించినవి. ఆలయశాసనములకు వలెనే యిట్టి ద్వారాక్షరములకును బ్రతికృతులు దీసి భద్రపఱచుట పరిశోధకుల విధి. గోడ కూలిన పిమ్మట బ్రతీతి యొక్కటియే మిగులును, దానికి సాక్ష్యము మిగులదు.