సరస్వతి పటం వెనక

మండపేటలో మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో, వీధి గుమ్మం దాటగానే ఎదురుగా ఒక సరస్వతీదేవి పటం ఉండేది. రాతి మీద కూచుని వీణ వాయిస్తూ, ఒక చేత తాటాకుల పుస్తకం, పక్కన నెమలి. మీరూ చూసే ఉంటారు. రవివర్మ పటం.

ఫ్రేముకి చెద పట్టిందని మొన్న దింపించాను. దింపాక దాని పుట్టుపూర్వోత్తరాల మీదికి మనసు పోయింది.

ఈ రాతి అచ్చు కనిపెట్టింది బవేరియాలో సెనెఫెల్డర్ అనే నాటకాల రాయుడు. తన నాటకాలు చవగ్గా అచ్చేసుకునే ఉపాయం కోసం సున్నపురాళ్ళతో కుస్తీ పడుతుంటే, 1796లో ఓనాడు వాళ్ళమ్మ, "చాకలిపద్దు రాసిపెట్టరా" అందిట. చేతికి కాగితం దొరక్క, జిడ్డుసిరాతో రాయి మీదే రాశాడు. అక్కణ్ణించి మొదలైంది కథ. రాయి తడిపితే, జిడ్డు ఉన్నచోటే రంగు అంటుకుంటుంది. తడి ఉన్నచోట అంటదు. నూనె చేతుల మీద నీళ్ళు పోసుకున్న ఏ ఇల్లాలికి తెలియదు చెప్పండి, ఈ రహస్యం!

1830 నాటికి పారిస్‌లో ఇలాంటి బొమ్మలు విరివిగా అమ్ముడుపోయాయి. అషిల్ దెవేరియా లాంటి చిత్రకారులు నట్టింటి ఆడవాళ్ళనే బొమ్మలు వేశారు. కిటికీ పక్కన కూచుని తీరిగ్గా పుస్తకం చదువుకునే ఇల్లాలంటే ఆ కాలానికి మోజు.

మన రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. రంగుకో రాయి చొప్పున అచ్చు. ఆ పటాలు ఊరూరికీ చేరాయి. కానీ మా గోడ మీదికి వచ్చేసరికి పుస్తకం ఇల్లాలి చేతిలోంచి దేవత చేతిలోకి పోయింది! పడుకుని పుస్తకం ముందు పెట్టుకున్న నాయరు స్త్రీని ఆయన 1902లో చిత్రించాడు. ఆవిణ్ణి మాత్రం ఎవరూ మా మండువాలోకి రానివ్వలేదు.

అలాగని మా గోదావరి వాళ్ళకి ఆడపిల్లల చదువు తెలియదని కాదు. వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది 1874లో. ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక నడిపింది 1883లో. అయినా 1938లో పద్నాలుగేళ్ళకి కాపరానికొచ్చిన మా అమ్మమ్మకి ఓనమాలు రావు. భండారు అచ్చమాంబగారు తమ్ముడి పాఠాల పక్కన కూచుని నేర్చుకున్నట్టే, ఈవిడ మరిది పలక పక్కన కూచుని నేర్చుకుంది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ, వంటింటి గడపలో. "ఆవిడకేవే, నాలుగు చేతులు. రెంటితో వీణ, ఒకదాంతో పుస్తకం. నాకున్నవి రెండూ రుబ్బురోటి దగ్గరే సరి," అనేది పటం చూపించి. నవ్వుతూనే అనేది గానీ, నాకెప్పుడూ నవ్వు రాలేదు.

ఫ్రేములు కట్టే అబ్బాయి వెనక అట్ట ఊడదీసి, "పారేయమంటారా అమ్మా?" అన్నాడు. తిప్పి చూశాను. పెన్సిలు రాత. వంకరటింకర అక్షరాలు. ఎవరికీ కనపడకుండా దాచుకోవడానికి ఇంట్లో ఆవిడకి దొరికిన చోటు అదొక్కటే కాబోలు.

"చీరలు నాలుగు. పంచెలు ఆరు. దుపట్లు రెండు."

వత్తు పడలేదు.

"వద్దు బాబూ, అద్దం అటువైపు కూడా వెయ్యి," అన్నాను.