నీళ్లు కడగలేని పొగ

హైదరాబాదు దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను ముందు నిలబడితే ఓ పట్టాన కదలబుద్ధి కాదు. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరిచిన పనితనం అది. ఆ సామానులో హుక్కా కుండలూ ఉన్నాయి. కుండలో నీళ్లు, పైన చిలుంలో తంబాకు, దాని మీద నిప్పులు. నీళ్లలోంచి గుడగుడమంటూ వచ్చే పొగ చల్లబడుతుంది, గొంతు మండదు. ఆ పొగను నీళ్లు కడిగేస్తాయన్న నమ్మకం ఈ ఊళ్లో నేటికీ పోలేదు.

పొగాకు దక్కనుకు పోర్చుగీసు వర్తకంతో వచ్చింది. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో మొఘల్ రాయబారి అసద్ బేగ్ గోల్కొండకు పొరుగునున్న బీజాపూర్ నుంచి దాన్ని అక్బర్ దర్బారుకు పట్టుకెళ్లాడు. పాదుషా రుచి చూడబోతే రాజవైద్యుడు వద్దన్నాడు. 1617లో జహంగీర్ నిషేధించాడు కూడా. ఫర్మానాలకు లొంగే అలవాటు కాదది.

హుక్కాకు తీరిక కావాలి, నింపిపెట్టే మనిషి కావాలి. సిగరెట్‌కు అగ్గిపుల్ల చాలు. వజీర్ సుల్తాన్ 1916లో హైదరాబాదులో పొగాకు వ్యాపారం మొదలుపెట్టాడు, 1930లో అది కంపెనీ అయింది. ఆ కంపెనీ చేసిన ఫిల్టర్ లేని ఘాటు సిగరెట్‌కు పెట్టిన పేరు చార్మినార్. 1591 నాటి కట్టడం బొమ్మ పెట్టెకెక్కి, పాతబస్తీ ముఖం కూడా చూడని ఊళ్లకు చేరింది. ఈ నగరానికి అంతటి ప్రచారం మరే సరుకూ తెచ్చిపెట్టి ఉండదు. అది పొగ సరుకు కావడమే బాధ.

హుక్కా అయినా సిగరెట్ అయినా ఆ పొగ చేరేది నెత్తురులోకే. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఈ వాయువు నీళ్లలో దాదాపు కరగదు. హుక్కాలో తంబాకుతో పాటు బొగ్గు కూడా కాలుతుంది కాబట్టి, కుండలో ఎన్ని నీళ్లు పోసినా ఆ వాయువు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. బిద్రీ కుండలోనైనా అంతే, నేటి గాజు కుండలోనైనా అంతే.

మరో ప్రోటీన్ కథ ఇంకా విషాదం. మన తెల్లకణాలు వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఊపిరితిత్తుల సాగే కణజాలాన్ని కొరికేస్తుంది. దాన్ని అదుపులో పెట్టేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. పుట్టుకతోనే ఇది కొరవడినవాళ్లను 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ గుర్తించారు. వాళ్లలో కొందరి ఊపిరితిత్తులు చిన్న వయసులోనే పాడయ్యాయి. అంతా సరిగా ఉన్న మనిషిలో కూడా పొగ ఈ ప్రోటీన్‌లోని మెథియొనిన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని ఆక్సీకరించి దాని పట్టు సడలిస్తుంది. కాపలా కాసే ప్రోటీన్ ఉండీ లేనట్టే అవుతుంది.

పొగతాగేవాళ్ల నెత్తురులో గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. ఒళ్లు లోలోపల వాచి ఉందని చెప్పే సి-రియాక్టివ్ ప్రోటీన్ కూడా ఎక్కువే ఉంటుంది. గుండెపోటుకు ఇవి దారి చూపిస్తాయి.

2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. ఇరానీ హోటల్ బల్ల మీద చాయ్ పక్కనుండే సిగరెట్‌కు ఆనాటితో చట్టం అడ్డొచ్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. చట్టం మాటెలా ఉన్నా, మానేసినవాళ్ల నెత్తురులోంచి కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లిపోతుంది. ఫైబ్రినోజెన్ పూర్తిగా దిగిరావడానికి మాత్రం ఏళ్లు పట్టవచ్చు.